పసుపు, ఆల్బుమిన్, మూడు రోజుల్లో మూడు జవాబులు: తప్పు లెక్కలో ఉందా, నీళ్ళలో ఉందా?

కౌశిక గట్టు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. అమలాపురం నుంచి రాస్తున్నాను, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఆఖరి సెమిస్టరు. పసుపులో ఉండే కర్క్యుమిన్ నీళ్ళలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం నా ప్రాజెక్టు. ఆవు రక్తంలోని ఆల్బుమిన్, అంటే బీఎస్ఏ, 2 మైక్రోమోలార్ తీసుకున్నాను. అందులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు రెండు ఉంటాయి, 280 నానోమీటర్ల కాంతి వేస్తే 340 దగ్గర వెలుగు ఇస్తాయి, కర్క్యుమిన్ వచ్చి అతుక్కునే కొద్దీ ఆ వెలుగు తగ్గుతుంది.

1 నుంచి 8 మైక్రోమోలార్ దాకా ఒక్కొక్కటే పెంచుకుంటూ అదే క్యూవెట్‌లో, అంటే మెషీన్లో పెట్టే చిన్న పారదర్శక గిన్నెలో, కలిపాను, ప్రతిసారీ మూడు రీడింగులు తీశాను. తర్వాత ఒకటి బై కర్క్యుమిన్ ఒక పక్క, ఒకటి బై వెలుగు తగ్గుదల ఇంకో పక్క పెట్టి ఎక్సెల్‌లో గీత గీశాను. చుక్కలు గీతకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే ఆర్-స్క్వేర్ మూడు రోజులూ 0.99 దాటింది. కానీ కేడీ, అంటే సగం ప్రొటీన్ నిండడానికి కావలసిన గాఢత, మొదటి రోజు 6 మైక్రోమోలార్, రెండో రోజు 11, మూడో రోజు 19!

మూడో రోజు పొద్దున్న రెండు గంటలు కరెంటు పోయింది. పైగా కాలవలు కట్టేసిన రోజులు, మా ల్యాబ్ ట్యాంకులోకి బోరు నీళ్ళు వస్తున్నాయి, అవి ఉప్పగా ఉంటాయి, డిస్టిల్ చేసేది ఆ నీళ్ళనే. సగటు 12 అని వేసి, 9 రీడింగులు కాబట్టి 9తో ఎర్రర్ కట్టి ముగించెయ్యమని మా గైడ్ గారు అన్నారు. మనసు ఒప్పుకోవడం లేదు. మూడు వారాల్లో వైవా, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి ప్లీజ్.

లెక్కలబడి · సోమవారం రాత్రి 10:25

అమ్మా, మనసు ఒప్పుకోలేదన్నావు చూడు, అది మంచి లక్షణం. మూడు వారాలు సరిపోతాయి, కంగారు పడకు. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాను, ప్రతి ఏడాదీ ఈ 9 సంగతి వస్తూనే ఉండేది.

నీ దగ్గర ఉన్నవి 9 కావు, 3. ఒకే క్యూవెట్‌ని మెషీన్లో ఉంచి మూడుసార్లు బటన్ నొక్కితే తెలిసేది మెషీన్ ఎంత నిలకడగా చదువుతోందో అంతే. నీ తూకం, నీ పిపెట్, ఆ పొద్దున్న కలిపిన ద్రావణం ఏవీ మారలేదు. అక్కడ తప్పు దొర్లితే మూడు రీడింగుల్లోనూ అదే తప్పు ఉంటుంది.

ఇప్పుడు 3తో కట్టి చూద్దాం. సగటు 12, విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ఎస్‌డీ 6.6, సగటులోని తడబాటు చెప్పే స్టాండర్డ్ ఎర్రర్ 3.8. మూడే విలువలు కాబట్టి 95 శాతం నమ్మకానికి 1.96తో కాదు, 4.3తో గుణించాలి. 12కి అటూ ఇటూ 16 వస్తుంది, అంటే మైనస్ 4 నుంచి 28 దాకా. గాఢతకి మైనస్ ఏమిటి? అక్కడే తెలిసిపోవాలి మనం తప్పు కొలబద్ద మీద సగటు తీస్తున్నామని. కేడీలకి లాగరిథమ్ తీసి, దాని మీద సగటు కట్టి, మళ్ళీ వెనక్కి తిప్పు. 10.8 వస్తుంది, హద్దులు 2.6 నుంచి 45. మైనస్ పోయింది గానీ హద్దు ఎంత వెడల్పుందో చూడు. నువ్వు మూడు రోజులు చేసిన పనికి న్యాయంగా చెప్పగలిగింది ప్రస్తుతానికి ఇంతే. ఈ వెడల్పుని దాచడం వల్ల లాభం లేదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవాలి.

ఉండి చెరువు · మంగళవారం ఉదయం 5:50

నేను చదివింది ఇంటరే అండి, భీమవరం పక్కన ఉండి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాను. ప్రొటీన్ల సంగతి నాకు తెలియదు గానీ ఈ చెల్లెమ్మ ఒకటి బై అని తిరగేసి గీత గీశానంటే నాకు ఒక అనుమానం వచ్చింది. మా కౌంట్ కూడా అదే కదా. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అన్ని కౌంట్, అంటే బరువుని తిరగేసినట్టే.

20 గ్రాముల రొయ్య 50 కౌంట్, 10 గ్రాముల రొయ్య 100 కౌంట్. రెండూ సమానంగా కలిసి ఉంటే సగటు 75 కౌంట్ అని ధర కట్టడానికి ఎవరైనా వస్తే నేను ఒప్పుకోను. సగటు బరువు 15 గ్రాములు, అంటే 67 కౌంట్. ఆ 8 కౌంట్ల తేడా మీద ఎంత డబ్బు పోతుందో రైతుకే తెలుసు.

ఇంకొకటి. 5 గ్రాముల పిల్ల రొయ్య తూకంలో ఒక గ్రాము అటూ ఇటూ అయిందనుకోండి, 4 గ్రాములైతే 250 కౌంట్, 6 గ్రాములైతే 167. అదే 30 గ్రాముల రొయ్య దగ్గర ఒక గ్రాము తప్పితే 34న్నర, లేదా 32, అంతే. తూకంలో తప్పు ఒకటే, తిరగేసేసరికి చిన్నవాటి దగ్గర కొండంత అవుతుంది. అందుకే మేము చిన్న సైజులో కౌంట్ చూసి మేత లెక్క మార్చము, బరువు చూస్తాము. మీ దాంట్లో కూడా తక్కువ మందు కలిపిన దగ్గర ఇలాగే అవుతోందేమో చూడండి.

లెక్కలబడి · మంగళవారం ఉదయం 7:15

ఉండి గారూ, ఆయ్, మీరు చెప్పింది అక్షరాలా అదే! ముప్ఫై ఏళ్ళలో నాకు తట్టని ఉదాహరణ ఇది. చూడమ్మా, మొదటి చుక్క దగ్గర వెలుగు 10 తగ్గిందనుకో, మెషీన్ తడబాటు 2. అంటే 8 నుంచి 12. తిరగేస్తే 0.125 నుంచి 0.083. ఎక్కువ కలిపిన దగ్గర 100 తగ్గింది, తడబాటు అదే 2. తిరగేస్తే 0.0102 నుంచి 0.0098. మొదటి చుక్క దగ్గర తప్పు వంద రెట్లకి పైగా పెద్దదైంది. అదీగాక తిరగేసిన గ్రాఫులో ఆ చుక్క కుడి వైపు చివర ఒంటరిగా కూర్చుంటుంది, మిగతావన్నీ ఎడమ మూలన గుంపుగా ఉంటాయి. గీత ఎటు వాలాలో ఆ ఒక్క చుక్కే నిర్ణయిస్తుంది. ఆర్-స్క్వేర్ 0.99 రావడానికి కూడా అదే కారణం, దూరంగా ఒక చుక్క ఉంటే ఏ గీతకైనా ఆర్-స్క్వేర్ బాగుంటుంది.

లైన్‌వీవర్, బర్క్ 1934లో, స్కాచర్డ్ 1949లో ఇలా వంకర గీతల్ని తిన్నగా చేసే పద్ధతులు ఇచ్చారు. స్కేలూ పెన్సిలూ తప్ప ఏమీ లేని రోజులవి, అప్పటికి అవి పెద్ద ఉపకారం. ఇప్పుడు ఎక్సెల్‌లోని సాల్వర్ అయినా, ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని ఎన్ఎల్ఎస్ అయినా వంకర గీతని వంకరగానే సరిపెడతాయి. అలా చెయ్యి.

ఇంకో సంగతి, 8 మైక్రోమోలార్ దగ్గర ఆగిపోయావు. నీ కేడీ 11 అయితే అక్కడికి ప్రొటీన్ 42 శాతమే నిండింది. సగం కూడా ఎక్కని వంపు చూసి ఎక్కడ చదునవుతుందో ఊహించడం కష్టం. ఆ భాగంలో గరిష్ఠ తగ్గుదలనీ కేడీనీ విడదీయలేము, రెండింటి నిష్పత్తి మాత్రమే తెలుస్తుంది. ఒకటి పెరిగితే రెండోది దానితో పాటే పెరిగి గీత మళ్ళీ సరిగ్గానే కూర్చుంటుంది. మన తెలుగువాడు సి.ఆర్. రావు గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివినవారు, 1945లో పాతికేళ్ళ వయసులో రుజువు చేసింది ఇదే కదా: అంచనాలోని తడబాటు డేటాలో ఉన్న సమాచారాన్ని బట్టి ఒక హద్దు కంటే కిందికి దిగదు. క్రామెర్-రావు హద్దు అంటారు. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ వాడినా, కొలవని చోటు గురించి అది నీకు చెప్పలేదు. కేడీ దగ్గరా, దానికి రెండు మూడు రెట్ల దగ్గరా చుక్కలు ఉండాలి.

అంతర్వేది గాలి · మంగళవారం మధ్యాహ్నం 1:05

మాది సఖినేటిపల్లి, ఇప్పుడు హైదరాబాద్‌లో మాలిక్యులర్ డైనమిక్స్, అంటే అణువుల కదలికల్ని కంప్యూటర్లో నడిపి చూడడం, చేస్తున్నాను. మాస్టారు లాగరిథమ్ ఎందుకన్నారో నా వైపు నుంచి చెబుతాను. అణువులు పట్టుకునే శక్తి కేడీ లాగరిథమ్‌తోనే నడుస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఆర్‌టీ, అంటే వాయు స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణించినది, మోల్‌కి 2.48 కిలోజౌళ్ళు, 6కీ 19కీ ఉన్న తేడా అంతా కలిపినా 2.9 కిలోజౌళ్ళే. రెండు నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధం 20 కిలోజౌళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. అంటే నీకు మూడు వేరు జవాబులుగా కనబడుతున్నది ఒక హైడ్రోజన్ బంధంలో ఏడో వంతు. ఇంత సన్నని తేడా కొలవాలంటే చిన్న పొరపాటు కూడా పెద్దదే.

నీటిని కూడా మర్చిపోకూడదు. లీటరు నీటిలో 55.5 మోల్స్ నీళ్ళే ఉంటాయి. నీ 5 మైక్రోమోలార్ కర్క్యుమిన్‌లో ఒక్కో అణువుకి కోటీ పది లక్షల నీటి అణువులు. కర్క్యుమిన్‌కి నీళ్ళంటే పడదు, దాని చుట్టూ నీళ్ళు తమ బంధాలు సర్దుకోవలసి వస్తుంది, ప్రొటీన్ లోపలి గుంటలోకి అది దూరితే ఆ నీళ్ళకి విడుదల. పట్టు చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి బోరు నీళ్ళ అనుమానం సబబైనదే. ఉప్పు పెరిగితే ఛార్జీల ప్రభావం దగ్గరలోనే ఆగిపోతుంది: 10 మిల్లీమోలార్ ఉప్పులో 3 నానోమీటర్ల దాకా వెళ్తుంది, 100 మిల్లీమోలార్‌లో ఒక నానోమీటర్ లోపే. కానీ నీ బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో, ఎలాగూ ఉప్పు ఉంటుంది కాబట్టి డిస్టిల్ నీళ్ళలో మిగిలిపోయిన కాస్త ఉప్పు అంత చేయదు. ఇనుము లాంటి లోహం జారిపడితే మాత్రం ఆలోచించాలి, కర్క్యుమిన్ దాన్ని పట్టుకుంటుంది. కండక్టివిటీ మీటరు ఉంటే ఒకసారి చూడు, ఊహించడం కన్నా అదే మేలు.

మాస్టారు చెప్పిన 9, 3 గొడవ మా దగ్గరా ఉంది. సిమ్యులేషన్లో పది లక్షల ఫ్రేములు వస్తాయి, ఒక ఫ్రేముకీ పక్క ఫ్రేముకీ ప్రొటీన్ కదిలి ఉండదు. పది లక్షలతో ఎర్రర్ కడితే సున్నాకి దగ్గరగా వస్తుంది, వేరే చోట నుంచి మొదలుపెట్టి రెండోసారి నడిపితే జవాబు ఆ ఎర్రర్‌కి ఎంతో దూరంలో ఉంటుంది. నేను మొదటి ఏడాది ఈ దెబ్బ తిన్నాను.

ల్యాబ్ కోటు · మంగళవారం రాత్రి 11:20

తమ్ముళ్ళూ మాస్టారూ చెప్పినవన్నీ నిజమే, కానీ లెక్క మార్చినంత మాత్రాన 6, 11, 19 ఒకటైపోవు. ట్యూబులో ఏదో జరుగుతోంది. చెల్లీ, మూడు ప్రశ్నలు. కర్క్యుమిన్ స్టాక్, అంటే ముందుగా కలిపి ఉంచుకునే చిక్కటి ద్రావణం, దేనిలో కలిపావు? ప్రతి రోజూ 1 నుంచి 8 వరుసలోనే వెళ్ళావా? వంకర గీత సరిపెట్టాక ప్రతి చుక్కా గీతకి పైన ఉందా కింద ఉందా?

అడుగుతున్నది ఎందుకంటే, కర్క్యుమిన్ మామూలు పీహెచ్ నీళ్ళలో నిలవదు. ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.2, 37 డిగ్రీల దగ్గర అరగంటలో 90 శాతం దాకా విరిగిపోతుందని 1997లోనే చూపించారు. ఆల్బుమిన్‌కి అతుక్కున్నది కాస్త నిలబడుతుంది, స్టాక్ ట్యూబులో ఒంటరిగా ఉన్నది నిలబడదు. దీనివల్ల రెండు రకాలుగా జరగవచ్చు. మొదలుపెట్టేసరికే స్టాక్ పలచబడి ఉంటే నువ్వు 5 అనుకున్నది నిజానికి 3, కేడీ ఎక్కువగా కనిపిస్తుంది. మొదలుపెట్టాక పలచబడుతూ పోతే చివరి చుక్కలు ముందే చదునైనట్టు అవుతాయి, కేడీ తక్కువగా కనిపిస్తుంది. ఒకే రోగం, ఒక రోజు అటు, ఒక రోజు ఇటు లాగుతుంది.

వెలుగు తగ్గిందంటే అతుక్కుందనే కాదు, అది ఇంకో సంగతి. కర్క్యుమిన్ తనే కాంతిని మింగుతుంది. అబ్జార్బెన్స్, అంటే ఎంత కాంతి మింగిందో చెప్పే అంకె, 280 దగ్గర 0.1, 340 దగ్గర 0.1 ఉన్నాయంటే అతుక్కోకపోయినా వెలుగు ఐదో వంతు పడిపోతుంది. రెండు అబ్జార్బెన్సులూ కొలిచి, కలిపి సగం చేసి, 10ని ఆ ఘాతానికి పెంచి రీడింగుని గుణించాలి. 280 బదులు 295 వాడు, ప్రొటీన్‌లో వెలుగిచ్చే ఇంకో అమైనో ఆమ్లం టైరోసిన్ గొడవ ఉండదు. ప్రొటీన్ లేకుండా ఒట్టి ట్రిప్టోఫాన్‌తో ఇదే పని ఒకసారి చెయ్యి, సవరించాక అక్కడ తగ్గుదల కనిపించకూడదు.

కౌశిక గట్టు · బుధవారం రాత్రి 8:30

అక్కా, మీ మెసేజ్ చూసి పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళాను. స్టాక్ బఫర్‌లోనే కలిపాను, పొద్దున్న 9కి ఒకసారి కలిపి రోజంతా అదే వాడాను. వరుస కూడా ఎప్పుడూ 1, 2, 3 అలాగే.

ఈ రోజు ఇంకేమీ చెయ్యలేదు. ఒక ట్యూబులో బఫర్‌లో కర్క్యుమిన్, ఇంకో ట్యూబులో ఇథనాల్‌లో కర్క్యుమిన్, రెండూ తెల్ల కాగితం ముందు నిలబెట్టి అరగంటకోసారి ఫోటో తీశాను. 9 గంటలకి రెండూ ముద్దబంతి పువ్వు రంగే. 10 అయ్యేసరికి బఫర్ ట్యూబు నిమ్మకాయ రంగుకి దిగింది. 11కి దాన్ని కాగితం ముందు నుంచి తీసి కిటికీ దగ్గర పెడితే పసుపు ఉందా లేదా అని వెతుక్కోవలసి వచ్చింది. ఇథనాల్ ట్యూబు అలాగే ఉంది. 425 దగ్గర అబ్జార్బెన్స్ కూడా తీశాను, రెండు గంటల్లో బఫర్ ట్యూబుది సగం కంటే కిందికి పడిపోయింది. మూడో రోజు కరెంటు పోయి నేను కూర్చున్నది సరిగ్గా ఆ రెండు గంటలే. స్టాక్ కలిపేసి కూర్చున్నాను.

పాత డేటాకి వంకర గీత సరిపెట్టాను. మూడు రోజులూ ఒకటే తీరు: మొదటి రెండు చుక్కలు గీత కింద, మధ్య నాలుగు పైన, చివరి రెండు మళ్ళీ కింద. తిన్న గీతలో ఇది నాకు కనబడనే లేదు. కండక్టివిటీ కూడా చూశాను అన్నయ్యా, కాలవ నీళ్ళతో డిస్టిల్ చేసిన పాత సీసా ఒకటి మిగిలింది, దానికీ బోరు దానికీ తేడా లేదు. నీళ్ళ తప్పు కాదు.

ల్యాబ్ కోటు · బుధవారం రాత్రి 9:10

ఆ ఫోటోలు జాగ్రత్తగా దాచుకో, థీసిస్‌లో పెట్టు. ఇక నుంచి స్టాక్ ఇథనాల్‌లో, చీకట్లో, ఐస్ మీద. చివరికి ప్రతి ట్యూబులోనూ ఇథనాల్ ఒక శాతం దాటకుండా, అన్నిట్లో సమానంగా ఉండాలి. ఒకే క్యూవెట్‌లో పోసుకుంటూ పోవద్దు, అలా చేస్తే మొదటిసారి పిపెట్ తప్పితే ఆ తప్పు చివరి దాకా వెంట వస్తుంది. ప్రతి గాఢతకీ వేరే ట్యూబు, చీటీలు వేసి వచ్చిన వరుసలో చదువు. కలిపిన దగ్గర నుంచి చదివే దాకా అన్నిటికీ ఒకే టైము. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చిన ఫాస్ఫరస్ పరీక్ష ఫస్టియర్లో చేసే ఉంటావు, నీలం రంగు వచ్చాక అన్ని ట్యూబులూ ఒకే నిమిషానికి చదవమంటారు కదా. ఇక్కడా అంతే.

ఒక ప్రశ్న · గురువారం ఉదయం 10:00

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. ఇదే కర్క్యుమిన్, ఇదే బీఎస్ఏ మీద వచ్చిన పేపర్లలో చాలావాటిలో తిన్న గీతలే ఉన్నాయి, రెండు అక్షాలకీ లాగరిథమ్ తీసిన డబుల్-లాగ్ గ్రాఫులే ఉన్నాయి. వాటితో పోల్చాలంటే ఈ అమ్మాయి కూడా అదే చెయ్యాలి కదా? కొత్త పద్ధతి అంటే వైవాలో ఎగ్జామినర్ ఒప్పుకుంటారా?

లెక్కలబడి · గురువారం ఉదయం 11:30

న్యాయమైన ప్రశ్న. గీత గీయొద్దని నేను అనను, చూడడానికి గీసుకోవచ్చు. అంకె మాత్రం వంకర గీత నుంచి తీయాలి. పోల్చడం కోసం రెండూ పట్టికలో పెట్టవచ్చు. కానీ ఎక్స్ అక్షం మీద పెట్టేది మొత్తం కర్క్యుమిన్ కాదు, అతుక్కోకుండా మిగిలినది, అది కూడా చూసుకోవాలి. ప్రొటీన్ 2, కేడీ 10 దరిదాపుల్లో కాబట్టి తేడా చిన్నదే, అయినా అతుక్కున్నదాన్ని లెక్కలోకి తీసుకునే వర్గ సమీకరణం వాడితే ఆ గొడవే ఉండదు. ఎగ్జామినర్ అడిగితే ఉండి గారి కౌంట్ లెక్క చెప్పమ్మా, మన జిల్లాల్లో అర్థం కానివారు ఉండరు.

ఉండి చెరువు · గురువారం రాత్రి 9:45

మాస్టారూ, ధన్యవాదాలు. నాదీ ఒక ప్రశ్న ఉంది. రొయ్య రక్తం నీలంగా ఉంటుందని, అందులో కూడా ఇలా పట్టుకునే ప్రొటీనే ఉంటుందని మా టెక్నీషియన్ చెప్పాడు. నిజమేనా? తెల్లవారుజామున ఏరేటర్లు తిరుగుతున్నా రొయ్యలు పైకి తేలే రోజులు ఉంటాయి, ఆక్సిజన్ మీటరు మరీ తక్కువేమీ చూపించదు.

ల్యాబ్ కోటు · గురువారం రాత్రి 10:30

నిజమే బాబాయ్ గారూ. దాని పేరు హీమోసయనిన్. మనకి ఇనుము ఉన్న చోట దానికి రాగి ఉంటుంది, ఆక్సిజన్ పట్టుకుంటే నీలం, వదిలితే రంగు ఉండదు. ఆరు ముక్కలు ఒకటిగా కలిసి పని చేస్తాయి, ఒకటి ఆక్సిజన్ పట్టుకుంటే పక్కవాటికి పట్టు పెరుగుతుంది. అందుకని దాని గీత చెల్లి గీతలా ఉండదు, ఎస్ ఆకారంలో ఉంటుంది. 1910లో హిల్ మన హీమోగ్లోబిన్‌కి రాసిన సమీకరణమే దీనికీ వాడతారు.

పీహెచ్ తగ్గితే దాని పట్టు సడలుతుంది. రాత్రంతా చెరువులో అన్నీ ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ చేరి తెల్లవారేసరికి పీహెచ్ అడుగుకి వస్తుంది. నీళ్ళలో ఆక్సిజనూ అప్పుడే తక్కువ, 30 డిగ్రీల మంచినీళ్ళే లీటరుకి 7.5 మిల్లీగ్రాములు మించి పట్టవు, ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. అంటే సరుకూ తగ్గింది, పట్టుకునే చెయ్యీ సడలింది. ఎస్ ఆకారం గీతలో నిటారుగా ఉన్న చోట కొద్ది తేడా చాలా పెద్దది. కాల్షియం, మెగ్నీషియం పట్టు పెంచుతాయి. అందుకని ఆక్సిజన్ ఒక్కటే చూడకుండా అదే వేళకి పీహెచ్, హార్డ్‌నెస్ కూడా రాసుకోండి. మీటరు పైన నీళ్ళలో ముంచుతున్నారేమో, అడుగున కూడా చూడండి, రొయ్య ఉండేది అక్కడ.

ఉండి చెరువు · శుక్రవారం ఉదయం 6:10

ఈ రోజు 4 గంటలకి అడుగున చూశాను. పైన 4.6, అడుగున 3.1. నాలుగు చెరువుల్లోనూ రాయడం మొదలుపెట్టాను. ఒకే చెరువులో పదిసార్లు వల విసిరితే పది చెరువులు కావు కదా, మాస్టారు చెప్పినట్టు.

కౌశిక గట్టు · తర్వాతి శనివారం సాయంత్రం 6:20

అందరికీ ఫలితం చెప్పడానికి వచ్చాను. మూడు వేరు రోజులు, మూడుసార్లు కొత్తగా తూచిన కర్క్యుమిన్, కొత్త బీఎస్ఏ, చీటీల వరుస, వర్గ సమీకరణం. 24 మైక్రోమోలార్ దాకా వెళ్ళాను, అది దాటాక 600 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ లేవడం మొదలైంది, నీళ్ళు మసకబారుతున్నాయని అక్కడ ఆపేశాను. ఒట్టి ట్రిప్టోఫాన్‌తో చేసినది సవరించాక తిన్నగా పడుకుంది.

కేడీలు 7.4, 8.9, 8.1. లాగరిథమ్ మీద సగటు 8.1, హద్దులు 6.4 నుంచి 10.2. చుక్కలు గీతకి పైనా కిందా చెల్లాచెదురుగా ఉన్నాయి, వంపు లేదు. ఇంకో పక్క తిన్న గీత కూడా గీసి చూశాను, అదే డేటాకి ఒక రోజు 5, ఒక రోజు 13 వచ్చింది.

మా గైడ్ గారికి ట్యూబుల ఫోటోలు చూపించాను. చాలాసేపు చూసి, కొత్తవే పెట్టమన్నారు. పాత మూడు రోజులవి తీసెయ్యాలా మాస్టారూ?

లెక్కలబడి · శనివారం సాయంత్రం 7:05

తీసెయ్యొద్దు. ఎందుకు పనికిరాలేదో రాసి అనుబంధంలో ఉంచు. కొత్తవాటితో కలిపి సగటు మాత్రం కట్టకు.

కౌశిక గట్టు · శనివారం సాయంత్రం 7:20

అలాగే మాస్టారూ. 9 గంటలు, 10 గంటలు, 11 గంటలు, మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టి వాటి కింద 425 రీడింగులు వేస్తున్నాను.